పాదిరి గారు కాలేజీ ప్రెసిడెంటయ్యాక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో జాన్ విథర్‌స్పూన్ గురించి అర పేజీ పరిచయం వేశాం. స్కాట్లండ్‌లో ప్రెస్బిటేరియన్ పాస్టరుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, 1768లో అమెరికా వెళ్లి న్యూజెర్సీ కాలేజీకి ప్రెసిడెంటయ్యారు. ఆ కాలేజీయే ఈనాటి ప్రిన్‌స్టన్ యూనివర్సిటీ. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశారు. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచే వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా వైపు బాప్టిస్టు సంఘాలున్నాయి, జయపురం వైపు లూథరన్లున్నారు. ప్రెస్బిటేరియన్లు ఎవరు? వాళ్లలో పాస్టరు కావాలంటే ఆ రోజుల్లో ఏం చెయ్యాలి? (సండే స్కూల్ టీచరు, గుణుపురం)

బాప్టిస్టుల్లో ఏ సంఘం నిర్ణయం ఆ సంఘానిదే. ప్రెస్బిటేరియన్లలో అలా కుదరదు. బిషప్పు ఉండడు గానీ మెట్లు ఉంటాయి. ఊరి సంఘంలో పాస్టరు, పెద్దలు కలిసి కూర్చునేది సెషన్. కొన్ని సంఘాల పాస్టర్లూ పెద్దలూ కలిస్తే ప్రెస్బిటరీ, దాని మీద సినడ్, అన్నిటికీ పైన జనరల్ అసెంబ్లీ. పాస్టరును పరీక్షించడం, అభిషేకించడం, బదిలీకి ఒప్పుకోవడం, తప్పు చేస్తే విచారించడం అన్నీ ప్రెస్బిటరీ చేతిలోనే ఉంటాయి. పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. మీకు బాప్టిస్టులతో కొట్టొచ్చినట్టు కనిపించే తేడా అదే. దక్షిణ భారతంలో ప్రెస్బిటేరియన్లు 1947 సెప్టెంబర్ 27న ఏర్పడిన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిసిపోయారు కాబట్టి ఆ పేరు ఇటు పెద్దగా వినబడదు. మిజోరం, మేఘాలయల్లో ఇప్పటికీ ఆ పేరుతోనే పెద్ద సంఘాలున్నాయి.

విథర్‌స్పూన్ తండ్రి కూడా పాస్టరే. 1723 ఫిబ్రవరి 5న ఎడిన్‌బరో దగ్గరి గిఫర్డ్‌లో పుట్టి, పదమూడో ఏట ఎడిన్‌బరో యూనివర్సిటీలో చేరారు. 1739లో ఎం.ఏ. అయింది. ఆ తర్వాత 1743 దాకా వేదాంతం చదివారు. అది పూర్తయినా పాస్టరు అయిపోయినట్టు కాదు. ప్రెస్బిటరీ ముందు లాటిన్‌లో వ్యాఖ్యానం చెప్పాలి, హీబ్రూ, గ్రీకు చదివి చూపాలి, ప్రసంగాలు చెయ్యాలి. నెగ్గితే ‘లైసెన్సు’ ఇస్తారు. అంటే ప్రసంగించొచ్చు గానీ బాప్తిస్మం, ప్రభు భోజనం ఇవ్వకూడదు. తర్వాత ఏదైనా సంఘం ఖాళీ అయ్యేదాకా ఎదురుచూపులే. ఖాళీ అయితే ఆ ఊరి మీద హక్కున్న భూస్వామి పేరు ప్రతిపాదిస్తాడు, సంఘంలో పెద్ద కుటుంబాలవాళ్లు ‘పిలుపు’ కాగితం మీద సంతకాలు చేస్తారు, ప్రెస్బిటరీ చేతులుంచి అభిషేకిస్తుంది. విథర్‌స్పూన్‌కు 1743లో లైసెన్సు వచ్చింది. 1745లో బీత్ అనే ఊళ్లో అభిషేకమైంది.

తగవులు ఎక్కువగా మొదలయ్యేది ఆ భూస్వామి హక్కు దగ్గరే. 1712లో పార్లమెంటు చేసిన చట్టం ఆ హక్కును తిరిగి భూస్వాములకిచ్చింది. సంఘానికి ఇష్టంలేని మనిషిని కూడా తెచ్చి కూర్చోబెట్టేవాళ్లు. సంఘం మాటే చెల్లాలన్న పక్షంలో విథర్‌స్పూన్ నిలబడి, 1753లో తన పేరు పెట్టకుండా ఒక వ్యంగ్య పుస్తకం అచ్చువేశారు. పేరు దాగలేదు. 1757లో పెయిస్లీ పట్టణానికి మారేటప్పుడు అదే అడ్డొచ్చింది కూడా. కానీ అట్లాంటిక్ అవతల ఆయన పేరు తెలియడానికి ఆ పుస్తకం బాగా పనికొచ్చింది.

ప్రశ్న: కాలేజీ నడపడానికి ప్రొఫెసర్లుండగా పాస్టరునే ఎందుకు ఎంచుకున్నారు? అదీ సముద్రం అవతలి మనిషిని? మొదట రానన్నారని కూడా చదివాను. (విశ్రాంత లెక్చరరు, బరంపురం)

పాస్టరును ఎంచుకోవడంలో వింతేమీ లేదు, అప్పటి ఆనవాయితీ అదే. 1746లో ఆ కాలేజీ పెట్టిందే ప్రెస్బిటేరియన్ పాస్టర్లు. పాస్టర్లు కాని ప్రెసిడెంటు 1902లో వుడ్రో విల్సన్ వచ్చేదాకా అక్కడ లేరు. ప్రెసిడెంటు పని మన ప్రిన్సిపాల్ పనితో ఆగేది కాదు. పాఠం చెప్పాలి, ఉదయం సాయంత్రం ప్రార్థన నడపాలి, ఆదివారం ప్రసంగించాలి, కుర్రాళ్ల నడవడి చూడాలి, చందాలు తేవాలి. మన లెక్కలో ప్రిన్సిపాలు, వార్డెను, కరస్పాండెంటు, పాస్టరు నలుగురూ ఒకరే.

ట్రస్టీలు సముద్రం అవతలికి చూడటానికి కారణాలు రెండు. మొదటిది, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లెవరూ నిలవలేదు. మొదటి ప్రెసిడెంటు డికిన్సన్ కొన్ని నెలల్లోనే 1747లో పోయారు. ఆరన్ బర్ 1757లో, జోనథన్ ఎడ్వర్డ్స్ 1758 మార్చిలో, శామ్యూల్ డేవిస్ 1761లో, ఫిన్లీ 1766లో. ఇరవై ఏళ్లలో అయిదుగురు పదవిలో ఉండగానే కన్నుమూశారు. వీరిలో ఎడ్వర్డ్స్ మశూచి రాకుండా అప్పటి పద్ధతిలో టీకా వేయించుకుని, దానితోనే పోయారు. డేవిస్‌కు అప్పటికి 37 ఏళ్లు. రెండోది పక్షాల గొడవ. అమెరికా ప్రెస్బిటేరియన్లు 1741లో ‘ఓల్డ్ సైడ్’ (ఉజ్జీవ కూటాలు నచ్చనివాళ్లు), ‘న్యూ సైడ్’ (అవి కావాలన్నవాళ్లు) అని చీలి, 1758లో మళ్లీ కలిశారు గానీ మనసులు కలవలేదు. కాలేజీ న్యూ సైడ్ వాళ్లది. ఫిన్లీ పోగానే ఓల్డ్ సైడ్ వాళ్లు డబ్బిస్తాం, మా మనుషుల్ని పెట్టుకోండి అని బయల్దేరారు. వాళ్ల మాట విని ఒప్పుకుంటే చిక్కు, వినీ కాదంటే ఇంకా చిక్కు. అందుకని వాళ్లు తమ మాట ముందుపెట్టేలోపే, 1766 నవంబరులో, ట్రస్టీలు విథర్‌స్పూన్‌ను ఎన్నుకున్నారు. స్కాట్లండ్‌లో ఉన్న మనిషికి అమెరికా తగాదాలో ఏ పక్షమూ లేదు. సనాతన బోధకుడన్న పేరుంది, చదువరి అన్న పేరూ ఉంది. ఇంతకంటే తెలివైన ఎన్నిక మాకు తట్టడం లేదు.

రానన్నది ఆయన కాదు, భార్య ఎలిజబెత్. సముద్ర ప్రయాణం, అయినవాళ్లను వదిలిపోవడం ఆమెకు భయం. ఆ ఊసెత్తితేనే మంచం పట్టేవారట. అప్పటికే పది మంది పిల్లల్ని కన్న తల్లి, వారిలో అయిదుగురే దక్కారు. ఆమె భయాన్ని పిరికితనం అనడానికి మాకు నోరు రాదు. ట్రస్టీల్లో ఒకరైన రిచర్డ్ స్టాక్టన్ స్వయంగా పెయిస్లీ వెళ్లి అడిగినా లాభం లేకపోయింది. ఎడిన్‌బరోలో వైద్యం చదువుతున్న బెంజమిన్ రష్ అనే కుర్రవాడు, ఆ కాలేజీ పాత విద్యార్థే, 1767లో వాళ్ల ఇంటికి వెళ్లి ఆమెను ఒప్పించారు. ఈలోగా విథర్‌స్పూన్ రారనుకుని ట్రస్టీలు శామ్యూల్ బ్లెయిర్ అనే యువ పాస్టరును ఎన్నుకున్నారు. విథర్‌స్పూన్ వస్తారని తెలియగానే ఆయన మర్యాదగా తప్పుకున్నారు. ట్రస్టీలు మళ్లీ ఎన్నిక జరిపారు. 1768 మే నెలలో ఓడెక్కిన కుటుంబం ఆగస్టులో ఫిలడెల్ఫియాలో దిగింది. ప్రిన్‌స్టన్ చేరిన రాత్రి విద్యార్థులు కాలేజీ భవనం నాసౌ హాల్ కిటికీ కిటికీకీ ఒక కొవ్వొత్తి వెలిగించారు. ఆగస్టు 17న పదవీ స్వీకారం జరిగింది. స్టాక్టన్, రష్, విథర్‌స్పూన్ ముగ్గురూ తర్వాత స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేశారు.

ప్రశ్న: మా సంఘం ఒక జూనియర్ కాలేజీ నడుపుతోంది. పాస్టరు గారినే అధ్యక్షుడిగా పెట్టాలన్న మాట వచ్చింది. డబ్బు విషయంలో విథర్‌స్పూన్ ఏం చేశారు, ఎక్కడ దెబ్బతిన్నారు? (సంఘ పెద్ద, రాయగడ)

వచ్చేసరికి ఖజానా దాదాపు ఖాళీ. ఆయన మొదటి పని గుర్రం మీద తిరగడం. ఉత్తరాన బోస్టన్ వైపు, దక్షిణాన వర్జీనియా దాకా వెళ్లారు. ప్రతిచోటా ముందు ప్రసంగం, తర్వాత చందా. ఈ తిరుగుడులో చందాతోపాటు విద్యార్థులూ దొరికారు. వర్జీనియా భూస్వాములు పిల్లల్ని పంపడం మొదలుపెట్టారు. వాళ్లు కట్టే ఫీజు ఏటా వచ్చే రాబడి. ఒకసారి పెట్టెలో పడే చందా కంటే దాని విలువ ఎక్కువని ఆయనకు తెలుసు. ఒట్టి చేతులతో కూడా రాలేదు. లైబ్రరీకి 300 పుస్తకాలు వెంట తెచ్చారు. 1771లో డేవిడ్ రిటెన్‌హౌస్ తయారుచేసిన గ్రహచక్ర యంత్రాన్ని కొన్నారు. పళ్ల చక్రాలతో సూర్యుడి చుట్టూ గ్రహాల్ని తిప్పి చూపే సాధనం అది. ఫిలడెల్ఫియా కాలేజీవాళ్లు అది తమకే వస్తుందనుకున్నారు. వాళ్ల కంటే ముందే ఈయన బేరం కుదుర్చుకోవడంతో అక్కడ గగ్గోలు పుట్టింది. చూడ్డానికి డాబు ఖర్చులా ఉంటుంది గానీ, సైన్సు చెప్పే కాలేజీ అన్న పేరు దాంతోనే వచ్చింది.

1772లో జమైకా, వెస్టిండీస్ దీవుల వాళ్లకు విజ్ఞప్తి అచ్చువేశారు: మీ పిల్లల్ని మా దగ్గరికి పంపండి, విరాళమివ్వండి అని. అక్కడి డబ్బు చెరకు తోటల బానిసల చెమట. ఆ సంగతి కింద మరో జవాబులో వస్తుంది.

దెబ్బ యుద్ధంతో తగిలింది. 1776 చివర్లో బ్రిటిష్ సైన్యం నాసౌ హాల్‌లో దిగింది. 1777 జనవరి 3న ప్రిన్‌స్టన్ యుద్ధం ఆ భవనం దాకా వచ్చింది. పుస్తకాలు పోయాయి, గదులు పాడయ్యాయి, తర్వాత కొన్నాళ్లు సైనికుల ఆసుపత్రి. నిధిలో చాలాభాగం యుద్ధకాలపు కాగితం డబ్బు విలువ పడిపోవడంతో కరిగిపోయింది. 1783లో జార్జి వాషింగ్టన్ పట్టాల ఉత్సవానికి వచ్చి 50 గినీలిచ్చారు. ట్రస్టీలు ఆ డబ్బుతో భవనం బాగుచేయించలేదు, ఆయన బొమ్మే గీయించి, అంతకుముందు రెండో జార్జి రాజు పటం ఉన్న చట్రంలో బిగించారు! అదే ఏడాది చివర విథర్‌స్పూన్‌ను చందాల కోసం బ్రిటన్ పంపారు. మొన్నటిదాకా యుద్ధం చేసిన దేశంలో చెయ్యి చాపితే ఎవరిస్తారు? ఫ్రాన్సులో అడుగుదామంటే అక్కడున్న అమెరికా రాయబారులు ఫ్రాంక్లిన్, జే వద్దని సలహా ఇచ్చారు. ఖర్చులు పోను చేతికొచ్చింది లేదనే చెప్పాలి. పైగా ప్రయాణంలో జరిగిన ప్రమాదంతో ఒక కన్ను పోయింది.

మీ సంగతికొస్తే, పాస్టరు గారు అధ్యక్షుడైతే వసూలు బాగుంటుంది, ఎందుకంటే జనం ఆయన మాట వింటారు. కానీ వసూలు చేసే చేయి, ఖర్చు పెట్టే చేయి, లెక్క రాసే చేయి ఒకటే కాకూడదు. న్యూజెర్సీ కాలేజీలో డబ్బు మీద నిర్ణయం ట్రస్టీలది, ప్రెసిడెంటు వాళ్లలో ఒకరు మాత్రమే. ఇంకో మాట. ఆయన ఒకేసారి కాలేజీ, అమెరికా కాంగ్రెస్ (వలసల ప్రతినిధుల సభ) సభ్యత్వం, సంఘం పని మోశారు. 1779లో ప్రెసిడెంటు ఇంటిని అల్లుడు శామ్యూల్ స్టాన్‌హోప్ స్మిత్‌కు వదిలి, పక్కనే ఉన్న తన పొలానికి మారారు. రోజువారీ పని అల్లుడు చూసుకున్నారు కాబట్టి బండి నడిచింది. పాస్టరు గారికి అలాంటి రెండో మనిషిని ముందే చూపించలేకపోతే ఆ మాట వాయిదా వెయ్యండి.

ప్రశ్న: ఆయన కాలేజీలో ఏం నేర్పేవాళ్లు? నాలుగేళ్ల పాఠ్యక్రమం ఎలా ఉండేది? (ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

1772 నాటి విజ్ఞప్తిలో ఆయనే వివరంగా రాశారు. మొదటి ఏడు లాటిన్, గ్రీకు, వాటితో రోము, గ్రీసు ప్రాచీన ఆచారాలు, అలంకారశాస్త్రం. రెండో ఏడు భాషలు కొనసాగిస్తూ గోళాలు పెట్టుకుని భూగోళం, గణితంలో మొదటి పాఠాలు. మూడో ఏడు ఎక్కువగా గణితం, ప్రకృతి శాస్త్రం. నాలుగో ఏడు పెద్ద కావ్యాలు, గణితం, ప్రకృతి శాస్త్రాలకు కొనసాగింపు, నీతిశాస్త్రం. చివరి రెండేళ్ల విద్యార్థులకు చరిత్ర మీద, రచన, విమర్శ మీద ప్రెసిడెంటే ఉపన్యాసాలిస్తారు. ఒక్కొక్కరూ ఆ ఉపన్యాసాలు రెండుసార్లు వింటారు. కావాలన్నవాళ్లకు ఫ్రెంచి.

అంతకుముందు ట్యూటరు పుస్తకంలో పేజీలు చెప్పి, మర్నాడు ఒప్పచెప్పించుకునేవాడు. విథర్‌స్పూన్ స్కాట్లండ్ పద్ధతిలో ఉపన్యాసం తెచ్చారు. ముఖ్యాంశాలు రాయించి, వాటి మీద మాట్లాడి, ప్రశ్నలడిగేవారు. లోకమంతా మనసులోని భావాలేనన్న తత్వవేత్త బర్క్‌లీ వాదం అప్పటికి ట్యూటర్లలో బాగా పాకింది. దాన్ని పక్కకు నెట్టి, కంటికి కనిపించేది ఉన్నదనే నమ్మే స్కాటిష్ ‘కామన్ సెన్స్’ తత్వాన్ని నిలబెట్టారు. ఆ నోట్సు ఆయన పోయాక గానీ అచ్చుకాలేదు. అందులో కొత్త ఆలోచన తక్కువేనని ఒప్పుకోవాలి. తత్వవేత్త హచ్‌సన్ వంటి వాళ్ల నుంచి తీసుకున్నది చాలా ఉంది. గొప్పదనం చెప్పిన తీరులో ఉంది, విన్నవాళ్లలో ఉంది. జేమ్స్ మాడిసన్ 1769లో చేరి, నాలుగేళ్ల చదువు రెండేళ్లలో ముగించి 1771లో పట్టా తీసుకున్నారు. ఇంకా కొన్ని నెలలు ఉండి విథర్‌స్పూన్ దగ్గరే హీబ్రూ, నీతిశాస్త్రం చదివారు. తర్వాత దేశాధ్యక్షుడయ్యారు. రెండో ప్రెసిడెంటు కొడుకు ఆరన్ బర్ 1772లో పట్టా పుచ్చుకుని ఉపాధ్యక్షుడయ్యారు. 1787లో రాజ్యాంగం రాయడానికి కూర్చున్న 55 మందిలో తొమ్మిది మంది ఈ కాలేజీవాళ్లు.

తరగతి బయట జరిగింది కూడా చూడండి. 1769, 1770ల్లో విగ్, క్లియోసోఫిక్ అనే రెండు వాదోపవాద సంఘాలు పుట్టాయి. మాట్లాడటం అక్కడ అబ్బింది. 1770 పట్టాల రోజున కుర్రాళ్లు బ్రిటిష్ బట్ట మానేసి అమెరికాలో నేసిన బట్టే కట్టుకొచ్చారు. మన ఖద్దరు ఉద్యమం గుర్తొస్తే తప్పులేదు.

ప్రశ్న: స్వేచ్ఛ అని సంతకం పెట్టిన పాస్టరు బానిసల్ని ఉంచుకున్నారా? (డిగ్రీ విద్యార్థిని, జయపురం)

ఉంచుకున్నారు. 1794లో పోయినప్పుడు వేసిన ఆస్తి జాబితాలో ఇద్దరు బానిసలున్నారు, ఒక్కొక్కరికి వంద డాలర్ల వెల కట్టారు.

ఈ కథ బీత్‌లోనే మొదలవుతుంది. జామీ మాంట్‌గోమరీ అనే బానిస యువకుడికి 1756లో విథర్‌స్పూన్ బాప్తిస్మమిచ్చి, సత్ప్రవర్తన పత్రం కూడా రాసిచ్చారు. అతను ఎడిన్‌బరోకు పారిపోయాడు, పట్టుబడ్డాడు, తీర్పు రాకముందే జైల్లో పోయాడు. అమెరికాలో 1774 ప్రాంతంలో జాన్ క్వామీన్, బ్రిస్టల్ యామా అనే ఇద్దరు ఆఫ్రికా వాళ్లకు, మిషనరీలుగా వెళ్లేందుకు విథర్‌స్పూన్ పాఠాలు చెప్పారు. ఉపన్యాసాల్లో మాత్రం, బలవంతంగా ఒకరి స్వేచ్ఛ లాక్కునే హక్కు ఎవరికీ లేదంటూనే, ఇప్పటికే బానిసలుగా ఉన్నవాళ్లను విడిచిపెట్టి తీరాల్సిన అవసరం లేదన్నారు. 1790లో న్యూజెర్సీ శాసనసభ కమిటీకి పెద్దగా ఉండి, కొత్త విమోచన చట్టం అక్కర్లేదని నివేదిక ఇచ్చారు. ఆ రాష్ట్రంలో అంచెలంచెల విమోచన చట్టం 1804లో వచ్చింది. ‘ఆ కాలం అలాంటిది’ అని కొట్టిపారేసే వాళ్లున్నారు. ఆ కాలంలోనే ఆయన తోటి పాస్టర్లు కొందరు బానిసత్వం పాపమని అచ్చువేశారు. కాబట్టి ఆ సాకు చెల్లదు.

ప్రశ్న: ప్రకటన మీద సంతకం పెట్టిన ఏకైక పాస్టరు ఆయనేనా? యుద్ధంలో కుటుంబానికి ఏమైంది? (పాఠకుడు, కాశీనగరం)

అప్పటికి పాస్టరు పనిలో ఉన్నవాళ్లలో ఆయనొక్కరే. సంతకం చేసిన వాళ్లలో ఒకప్పుడు ప్రసంగాలు చేసి వైద్యంలోకి, వకీలు పనిలోకి మారినవాళ్లు ఉన్నారు. 1776 మే 17న ఉపవాస దినపు ప్రసంగంలో మొదటిసారి వేదిక మీద నుంచి రాజకీయం మాట్లాడారు, జూన్ నెలాఖరుకు కాంగ్రెస్‌లో కూర్చున్నారు. 1782 దాకా, మధ్యలో కొన్ని విరామాలతో, అక్కడ పనిచేశారు. కొడుకు జేమ్స్ 1777 అక్టోబరులో జర్మన్‌టౌన్ యుద్ధంలో చనిపోయాడు. ఎలిజబెత్ 1789లో పోయారు. 68వ ఏట ఆయన 24 ఏళ్ల వితంతువును పెళ్లాడితే ఊరంతా చెవులు కొరుక్కుంది. చివరి రెండేళ్లూ చూపు పూర్తిగా లేకున్నా ప్రసంగాలు మానలేదు.

ప్రశ్న: ఇలాంటి పాస్టరు-ప్రిన్సిపాలు మన వైపు ఎవరైనా? (పాఠకురాలు, బరంపురం)

విలియం మిల్లర్. స్కాట్లండ్ ఫ్రీ చర్చి బోధకుడు, ఆయనా ప్రెస్బిటేరియనే. 1862లో మద్రాసు వచ్చి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి 1907 దాకా ప్రిన్సిపాలుగా ఉన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మీ గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి పై చదువుకు ఇటునుంచి మద్రాసు దారి పట్టడం మామూలే. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎం.ఏ. ఆ కాలేజీలోనే. మీ ఊళ్లో పుట్టిన వి.వి.గిరి మాత్రం అక్కడి ఖల్లికోట కాలేజీలో చదివారు.

ప్రశ్న: స్కూల్లో అయిదు నిమిషాల ప్రసంగం, ఒక చార్టు చెయ్యాలి. ఏం పెట్టాలి, ఏ తప్పులు రాకుండా చూసుకోవాలి? (ఇంటర్ విద్యార్థి, పర్లాకిమిడి)

అయిదు నిమిషాలంటే తెలుగులో తాపీగా మాట్లాడితే నాలుగు వందల మాటలకు మించవు. స్కాట్లండ్‌కు ఒక నిమిషం, ఎన్నికకు ఒకటి, కాలేజీ పనికి రెండు, యుద్ధం, బానిసత్వాలకు ఒకటి ఇవ్వండి. పుట్టుక నుంచి వరసగా చెప్పుకుంటూ పోతే కాలేజీ దగ్గరికి వచ్చేసరికి గంట కొడతారు, అందరూ చేసే పొరపాటు ఇదే. ఎలిజబెత్ రానన్న దగ్గర మొదలుపెట్టండి.

చార్టు మీద ‘ప్రిన్‌స్టన్ యూనివర్సిటీ స్థాపకుడు’ అని రాయకండి. ఆయన ఆరో ప్రెసిడెంటు. యూనివర్సిటీ అన్న పేరు 1896లో వచ్చింది, అంతదాకా ‘కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ’. కాలేజీ మొదలైంది కూడా ప్రిన్‌స్టన్‌లో కాదు. ఎలిజబెత్‌టౌన్‌లో మొదలై, న్యూఆర్క్ మీదుగా 1756లో అక్కడికి చేరింది. పుట్టిన సంవత్సరం కొన్ని పాత పుస్తకాల్లో 1722 అని ఉంటుంది, మీరు 1723 రాయండి. ప్రకటన ఆమోదం జూలై 4, ఎక్కువమంది సంతకాలు పెట్టింది మాత్రం ఆగస్టు 2. బొమ్మలో అందరూ జూలై 4న కలం పట్టుకున్నట్టు గీయొద్దు. ఇద్దరు ఆరన్ బర్‌లను కలిపెయ్యొద్దు, తండ్రి రెండో ప్రెసిడెంటు, కొడుకు ఉపాధ్యక్షుడు. అమెరికా ప్రెస్బిటేరియన్ల మొదటి జనరల్ అసెంబ్లీని 1789లో ఫిలడెల్ఫియాలో ప్రారంభించింది విథర్‌స్పూనే, అప్పటికి 4 సినడ్‌లు, 16 ప్రెస్బిటరీలు. చార్టు అడుగున చోటు మిగిలితే సెషన్ నుంచి అసెంబ్లీ దాకా ఆ నాలుగు మెట్లనూ బాణం గుర్తులతో గీయండి. ఒడియా మీడియం పిల్లలు కూడా చూస్తారు కాబట్టి పేర్లు రెండు లిపుల్లో రాస్తే మంచిది.